మన మలుపు వాళ్ళ రిజిస్టర్లో ఎందుకు లేదు?

(ఆదివాసీ యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ తరగతుల్లో నన్ను భూమి గురించో, పోడు పట్టాల గురించో మాట్లాడమంటారనుకున్నాను. రోడ్డు భద్రత అన్నారు. మొదట నాకూ నవ్వొచ్చింది. మనకు రోడ్డే సరిగా లేదు, ఇక దాని భద్రత గురించి ఏం మాట్లాడతాం అనిపించింది. హెల్మెట్ పెట్టుకోండి, తాగి బండి నడపొద్దు అని రెండు ముక్కలు చెప్పి దిగిపోవచ్చు. ఆ రెండూ నిజమే, తప్పకుండా పాటించండి. కానీ ఆ మాట చెప్పడానికి ప్రతి జనవరిలో అధికారులు వస్తారు, ఫ్లెక్సీ కడతారు, ర్యాలీ తీస్తారు. నేను చెప్పేది వేరే. రోడ్డు మీద మనవాళ్ళు చనిపోతే ఆ చావు ఏ ఆఫీసులో, ఏ కాగితం మీద ఎక్కుతుంది? ఆ కాగితం చూసి డబ్బు ఎలా కదులుతుంది? ఏ మలుపుకి గోడ కట్టాలో ఎవరు తేలుస్తారు? ఇది తెలియకపోతే మనం చావులు లెక్కపెట్టుకుంటూనే ఉంటాం. వాళ్ళ లెక్కలో మాత్రం సున్నా ఉంటుంది.

సున్నా అని ఊరికే అనడం లేదు. మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా మామ సంతకి పోయి వస్తున్నాడు. సంత రోజు జీపు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. లోపల పద్నాలుగు మంది, టాపు మీద ఐదారుగురు, వెనక వేలాడుతూ ఇద్దరు. ఘాట్ దిగుతుంటే మూడో మలుపు దగ్గర ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. ఆ రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. పక్కన గోడ లేదు, రాయి లేదు, ముందు మలుపుందని చెప్పే బోర్డు లేదు. వానలకి రోడ్డు అంచు కోసుకుపోయి ఉంది. డ్రైవరు పక్కకి తీశాడు, అంచు కూలింది. మా వరసకి అత్తయ్యే, ఒకావిడ అక్కడికక్కడే పోయింది. మామకి నడుము విరిగింది. డోలీ కట్టి కింది ఊరిదాకా మోశాం. అక్కడి నుంచి ఆటో, ఆ తర్వాత అంబులెన్సు. ఐదో రోజు టౌను ఆసుపత్రిలో చనిపోయాడు.

తర్వాత ఏమైంది? డ్రైవరు పక్క ఊరి కుర్రాడు, మనవాడే. పెద్దలు కూర్చున్నారు, దినాల ఖర్చు ఇప్పించారు. స్టేషను ముప్పై కిలోమీటర్లు. కేసు పెడితే మనవాణ్ణే జైల్లో వేస్తారు, పోయినోళ్ళు తిరిగి రారు కదా అన్నారు. ఎవరూ స్టేషనుకి పోలేదు. మా అమ్మా అదే మాట అంది, నేనూ ఊరుకున్నాను.

నాలుగేళ్ళ తర్వాత ఆ మలుపులో గోడ కట్టమని అర్జీ పట్టుకుని పోయాం. అక్కడున్న ఆఫీసరు మంచివాడే. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. కంప్యూటర్లో చూసి, "ఈ రోడ్డులో ప్రమాదాలేమీ నమోదు కాలేదు కదండీ" అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన ముందున్న లెక్కలో నిజంగానే ఏమీ లేదు. మా మామ లేడు, మా అత్తయ్య లేదు. మేం కేసు వద్దనుకున్న రోజే ఆ మలుపుని కూడా రిజిస్టర్లోంచి తీసేశామని అప్పుడు తెలిసింది.

కాబట్టి ముందు లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

ప్రమాదం జరిగితే స్టేషన్లో ఎఫ్ఐఆర్ అవుతుంది. ఆ వివరాలు ఈడార్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఎక్కుతాయి. ఎక్కడ జరిగింది, ఏ బండి, రోడ్డు ఎలా ఉంది, ఎంతమంది పోయారు, అన్నీ. దెబ్బలు తగిలినవాళ్ళు ముప్పై రోజుల్లోపు చనిపోతే దాన్ని కూడా ప్రమాద మరణంగానే రాయాలి. అంటే ఐదో రోజు పోయిన మా మామ కూడా లెక్కలోకి రావాల్సిన మనిషే. ఇలా జిల్లాల నుంచి రాష్ట్రానికి, రాష్ట్రాల నుంచి ఢిల్లీకి లెక్క పోతుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ఒక నివేదిక వేస్తుంది.

2022 నివేదిక చూడండి. దేశంలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మంది చనిపోయారు. గంటకి 19 మంది. ఇందులో జాతీయ రహదారుల మీద పోయినవాళ్ళు 61,038 మంది, రాష్ట్ర రహదారుల మీద 41,012 మంది. మిగిలిన రోడ్లు, అంటే జిల్లా రోడ్లు, పల్లె రోడ్లు, టౌను రోడ్లు, వీటి మీద 66,441 మంది. అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే. మనం తిరిగే రోడ్లు ఈ మూడో గంపలోవే. ఇదంతా నమోదైన లెక్క. మా మామలాంటి వాళ్ళు దీని బయట ఉన్నారు.

ఇప్పుడు బ్లాక్ స్పాట్ అనే మాట వినే ఉంటారు. జాతీయ రహదారుల కోసం కేంద్రం దీనికొక కొలత పెట్టింది. సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్క తీసుకుంటారు. అక్కడ మూడేళ్ళలో చావుగానీ, తీవ్రమైన గాయాలుగానీ అయిన ప్రమాదాలు ఐదు జరిగి ఉండాలి. లేదా మూడేళ్ళలో పది మంది చనిపోయి ఉండాలి. అప్పుడది బ్లాక్ స్పాట్. అప్పుడు ఇంజనీర్లు వస్తారు, కొలుస్తారు, అంచనా వేస్తారు, నిధులు అడుగుతారు.

ఈ కొలత పెట్టినవాళ్ళని నేను తిట్టను. రోజుకి వేల బండ్లు తిరిగే హైవే మీద డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి అది పనికొస్తుంది. కానీ మన ఘాట్ రోడ్డు మీద రోజుకి తిరిగేది ఎన్ని బండ్లు? ఈ ఏడు ఈ మలుపులో ఒకరు, వచ్చే ఏడు ఆ వాగు దగ్గర ఇద్దరు, ఆ పై ఏడు ఇంకో దిగుడులో. చావులు చెదురుమదురుగా ఉంటాయి. ఏ ఒక్క ముక్కలోనూ లెక్క నిండదు. దానికి తోడు సగం కేసులు స్టేషనుకే పోవు. అంటే ఆ కొలతతోనే చూస్తే మన రోడ్డు ఎప్పటికీ ప్రమాదకరమైన రోడ్డు అవదు.

మరి వేరే దారి లేదా? ఉంది. దాని పేరు రోడ్ సేఫ్టీ ఆడిట్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికొక మాన్యువల్ వేసింది, ఎస్పీ 88 అంటారు. ఇందులో చావులు లెక్కపెట్టరు. రోడ్డు గీస్తున్నప్పుడు, వేస్తున్నప్పుడు, తెరవబోయే ముందు, వేశాక కూడా, ఆ పనితో సంబంధం లేని నిపుణులు నడిచి చూసి ప్రమాదం ఎక్కడుందో రాస్తారు. ఇక్కడ మలుపు కనపడట్లేదు, ఇక్కడ లోయ పక్క అడ్డు లేదు, ఇక్కడ నీళ్ళు పోవడానికి కాలవ లేదు అని. ఒక పద్ధతి మనిషి పోయాక వస్తుంది, ఇంకోటి పోకముందు వస్తుంది. మనం అడగాల్సింది రెండోది. ఇవాళ నేను చెప్పే మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

మీలో ఎవరైనా అడగొచ్చు, అన్నా, డ్రైవరు తప్పు లేదా అని. ఉంటుంది. తాగి నడిపేవాళ్ళున్నారు, లైసెన్సు లేనివాళ్ళున్నారు, మనలోనే ఉన్నారు. కానీ 2018 సెప్టెంబరు 11 గుర్తు చేసుకోండి. జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్లో ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. డ్రైవరు కూడా పోయాడు. ఆ బస్సులో దాదాపు వంద మంది ఉన్నారు. వంద మంది ఒక బస్సులో ఎందుకు ఎక్కారు? ఇంకో బస్సు ఉంటే ఎక్కుతారా? నిండు బస్సుని అంత దిగుడున్న దారిలో పోనిచ్చింది ఎవరు? తర్వాత డిపో మేనేజర్‌ని సస్పెండ్ చేశారు. సరే. కానీ ప్రశ్న ఒక్క మనిషి మీద ఆగిపోయే ప్రశ్న కాదు.

మన సంత జీపు కూడా అంతే. టాపు మీద ఎక్కినవాడికి భయం లేక కాదు. ఆ పొద్దు అది తప్పితే ఇంటికి చేరే దారి లేదు. చెకింగులో జీపు పట్టుకుని ఫైను రాస్తే రేపటి నుంచి ఆ జీపు కూడా రాదు. సంత రోజు రెండు బస్సులు ఎక్కువ వేయడం కూడా రోడ్డు భద్రత పనే అని ఎవరూ రాయరు. మనం రాయించాలి.

స్వీడన్ అనే దేశంలో 1997లో అక్కడి పార్లమెంటు ఒక విధానం ఒప్పుకుంది. విజన్ జీరో అంటారు. దాని సారం ఇంతే. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటుకి ప్రాణం పోకుండా చూసే బాధ్యత రోడ్డు గీసినవాడిది, నడిపించేవాడిది కూడా. మా మామ జీపు డ్రైవరు ఒక అడుగు పక్కకి తీశాడు. అక్కడ రెండడుగుల గోడ ఉంటే బండికి సొట్ట పడేది, అంతే.

ఇక రోడ్డు ఎవరిది? ఇది తెలియక మన అర్జీలు తిరుగుతూ ఉంటాయి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారి. దాని లెక్క వేరు. మండలాలని కలిపే రోడ్డు చాలావరకు ఆర్‌అండ్‌బీది. ఊరికి వచ్చేది పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్ళది కావచ్చు, గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ వాళ్ళది కావచ్చు. మధ్యలో అడవి ఉంటే అటవీ శాఖ. ఒకే దారిలో పది కిలోమీటర్లు పోతే ముగ్గురు యజమానులు మారతారు. గుంత ఒకరిది, కల్వర్టు ఇంకొకరిది.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానంలో 500 జనాభా ఉన్న ఊరికి రోడ్డు అన్నారు, ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో 250 ఉన్నా చాలన్నారు. మనకి మేలే జరిగింది, కాదనను. డోలీ మోసిన భుజానికి రోడ్డు విలువ తెలుసు. కానీ ఈ పథకంలో విజయాన్ని ఎన్ని ఊళ్ళు కలిపాం, ఎన్ని కిలోమీటర్లు వేశాం అనే లెక్కలో చూస్తారు. బండ్లు తక్కువని రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు, మరీ తక్కువైతే 3 మీటర్లే వేస్తారు. దానికి అక్కడక్కడ ఎదురు బండి తప్పుకునే చోటు ఉండాలి. కొండ రోడ్ల ప్రమాణాల్లో అది రాసి ఉంది. మీ ఊరి రోడ్డులో ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఇంకో సంగతి. ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్ళు బాగు చేయాలి. ఊరి మొదట్లో ఉన్న బోర్డు మీద కాంట్రాక్టరు పేరు, తేదీ, ఖర్చు ఉంటాయి. మనం ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగుతాం గానీ చదవం.

ఇంతమంది యజమానులని ఒక చోట కూర్చోబెట్టేది ఎవరు? ఇక్కడ ఒక డాక్టరు గురించి చెప్పాలి. కోయంబత్తూరులో ఎస్. రాజశేఖరన్ అనే ఎముకల డాక్టరు ఉన్నారు. ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్ళకి వైద్యం చేసే ఆయన, ఈ చావులు ఆపడానికి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయని 2012లో సుప్రీంకోర్టుకి పోయారు. 2014లో కోర్టు ఒక కమిటీ వేసింది. 2017 నవంబరు 30న వివరంగా ఆదేశాలిచ్చింది. ప్రతి రాష్ట్రంలో రోడ్డు భద్రత పనిని నడిపించే లీడ్ ఏజెన్సీ ఉండాలి, దానికి నిధి ఉండాలి, కార్యాచరణ ప్రణాళిక ఉండాలి, రోడ్లకి ఆడిట్ జరగాలి, ప్రతి జిల్లాలో రోడ్డు భద్రతా కమిటీ ఉండాలి అని.

ఆ జిల్లా కమిటీయే మనకి ముఖ్యం. దానికి కలెక్టరు అధ్యక్షుడు. ఎస్పీ, రవాణా శాఖ, రోడ్ల ఇంజనీర్లు, వైద్య శాఖ అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఏ స్పాట్ బాగు చేయాలి, ఎవరు చేయాలి, పోయిన మీటింగులో చెప్పింది జరిగిందా అని చూస్తారు. చూడాలి. ఆ మినిట్స్ మనం ఎప్పుడైనా అడిగామా? సమాచార హక్కు చట్టం కింద అడిగితే ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఐటీడీఏ పీవో ఆ మీటింగుకి వస్తున్నాడా, మన మండలం పేరు ఒక్కసారైనా అందులో వచ్చిందా, చూడండి.

చట్టం గురించి కూడా రెండు మాటలు. మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ చేసి 198ఏ అనే సెక్షన్ పెట్టారు. రోడ్డు గీయడంలో, వేయడంలో, బాగు చేయడంలో నిర్ణయించిన భద్రతా ప్రమాణాలు పాటించక, దానివల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా ఆ అధికారికి, కాంట్రాక్టరుకి, కన్సల్టెంటుకి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. లక్ష అంటే వాళ్ళకి పెద్ద లెక్క కాదు. ఆ డబ్బు కుటుంబానికి కూడా రాదు, ప్రభుత్వం పెట్టిన నిధికి పోతుంది. కానీ డ్రైవరు ఒక్కడే కాదు, రోడ్డు కూడా నేరం చేయొచ్చు అని చట్టం ఒప్పుకుంది. ఎఫ్ఐఆర్ రాయించేటప్పుడు రోడ్డు పరిస్థితి కూడా రాయించండి. అంచు కూలింది, బోర్డు లేదు, అడ్డుగోడ లేదు అని ఫోటోలు తీసి ఇవ్వండి. రాయకపోతే ఆ సెక్షను పుస్తకంలోనే ఉంటుంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న ఆయుధం. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2). ఊరికి రోడ్డు, బడి, ఆసుపత్రి లాంటి పదమూడు రకాల సదుపాయాలకి అడవి భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లు మించి కొట్టకూడదు. దానికి గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆ కాగితం కోసం మన దగ్గరికి వస్తారు. మనం ఏం చేస్తాం? రోడ్డొస్తుందన్న సంతోషంలో తెల్లకాగితం మీద సంతకాలు పెట్టేస్తాం. వేలిముద్రలు వేసేస్తాం.

ఇక మీదట అలా చేయొద్దు. ఆ తీర్మానంలోనే రాయండి. ఫలానా మూడు మలుపుల్లో లోయ పక్క గోడ కట్టాలి. వాగు దగ్గర నీళ్ళు రోడ్డు మీదికి రాకుండా కల్వర్టు వేయాలి. బండి తప్పుకునే చోట్లు ఇక్కడిక్కడ ఉండాలి. బడి ముందు స్పీడ్ బ్రేకరు, దానికి ముందే బోర్డు ఉండాలి. తెరిచే ముందు సేఫ్టీ ఆడిట్ చేసి ఆ నివేదిక గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ కొండ మీద ఏ వానకి ఏ మట్టి జారుతుందో, పొద్దున పొగమంచు ఎక్కడ పడుతుందో, పశువులు ఏ పక్క నుంచి దాటుతాయో ఏ కన్సల్టెంటుకి తెలుసు? మన ముసలివాళ్ళకి తెలుసు. గ్రామసభ అంటే ఆ తెలివిని కాగితం మీదికి ఎక్కించే చోటు.

దెబ్బ తగిలాక సంగతి కూడా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 వచ్చింది 2005లో. ప్రమాదం జరిగిన మొదటి గంటని చట్టంలోనే గోల్డెన్ అవర్ అన్నారు. మన దగ్గర ఆ గంట డోలీలోనే అయిపోతుంది. ఏజెన్సీలో బైక్ అంబులెన్సులు పెట్టింది ఇందుకే. అవి నడుస్తున్నాయా, పెట్రోలు ఉందా, నడిపే మనిషి ఉన్నాడా అన్నది కూడా జిల్లా కమిటీలో అడగాల్సిన ప్రశ్న. దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోతే కేసులో ఇరికిస్తారని భయపడొద్దు. 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

పరిహారం సంగతి. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద చనిపోతే రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు వస్తాయి. బండి తెలిస్తే, దానికి బీమా ఉంటే ట్రిబ్యునల్లో వేసుకోవచ్చు. ఆరు నెలల లోపు వేయాలని 2019 సవరణ చెప్తుంది కాబట్టి దినాలు అవగానే కాగితాలు చూసుకోండి. అన్నిటికీ మొదలు ఎఫ్ఐఆరే. ఇంకో మాట, పెళ్ళికో జాతరకో సామాన్ల బండిలో ఎక్కిపోతాం. సామాన్ల బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకి బీమా కంపెనీ బాధ్యత లేదని కోర్టులు చెప్పాయి. మనిషి పోతాడు, డబ్బూ రాదు.

"కేసు పెడితే మనవాడు జైలుకి పోతాడు" అనే మాటకి జవాబు చెప్పకుండా నేను దిగలేను. అది చిన్న మాట కాదు. ఆ కుర్రాడి కుటుంబం కూడా మన కుటుంబమే. పెద్దలు రాజీ చేయడం మన పద్ధతి, దానికి విలువ ఉంది. కానీ రాజీ మనుషుల మధ్య జరగాలి, రోడ్డుతో కాదు. ప్రమాదాన్ని నమోదు చేయించడం వేరు, ఆ కుర్రాడి మీద పగ పట్టడం వేరు. రోడ్డు లోపం కూడా రాయిస్తే తప్పంతా ఆ కుర్రాడి నెత్తిన పడదు. నమోదు కాకపోతే బరువంతా వాడే మోస్తాడు. ఆ పిల్లాడు ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచి తల వంచుకుని పోతాడు. గోడ కట్టనివాళ్ళు మాత్రం హాయిగా ఉన్నారు.

ఇంటికి పోయాక మీరు చేయాల్సింది ఒక్క నోట్‌బుక్ కొనడం. మీ ఊరి రోడ్డు మీద గత పదేళ్ళలో ఎవరు పడ్డారు, ఎక్కడ, ఏ నెల, ఏ బండి, ఎవరు పోయారు, కేసు అయిందా లేదా, ముసలివాళ్ళని అడిగి రాయండి. ఫోన్లో ఆ చోటు లొకేషన్ పెట్టండి, ఫోటో తీయండి. నలుగురు కలిసి రోడ్డంతా నడవండి. దాన్ని గ్రామసభలో చదివి తీర్మానం చేయండి. తీర్మానం కాపీ రోడ్డు యజమానికి ఒకటి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఒకటి, పీవోకి ఒకటి. రసీదు తీసుకోకుండా రావద్దు. తర్వాతి మీటింగు మినిట్స్ అడగండి.

మేం అలాగే చేశాం. మా నోట్‌బుక్కులో పదకొండు పేర్లు వచ్చాయి. మొదటి పేరు మా మామది కాదు, అంతకు ముందే ఇద్దరున్నారు, నాకే తెలియదు. మూడో మలుపులో ఇప్పుడు తెలుపు నలుపు రంగు వేసిన రాళ్ళు, ఒక బోర్డు వచ్చాయి. గోడ ఇంకా రాలేదు. మళ్ళీ అడుగుతున్నాం.

రోడ్డు మనకి కావాలి. ఆ రోడ్డు మీద పోయినవాళ్ళు ఇంటికి తిరిగి రావాలి. రెండూ అడుగుదాం.